విడిభాగం దొరికే ఇంజినే మంచి ఇంజిన్

ఏటా ఏప్రిల్ 15న తూర్పు తీరమంతటా మరపడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, నిషేధం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో ఇంజిన్లు విప్పే కాలం కూడా అదే. హెడ్డు దించుతారు, నాజిళ్లు పరీక్షకు పంపుతారు, లైనర్లు కొలుస్తారు, అరిగిన బేరింగులు మారుస్తారు. జూన్ 15 నాటికి బోటు కదలాలి. అన్నీ సిద్ధమై ఒక్క భాగం రాకపోయినా ఇంజిన్ బిగించడం కుదరదు. రెండు నెలల విరామం తర్వాత వేట బాగుండే రోజులవి. అప్పుడు ఒడ్డున ఉండిపోయిన బోటుకు అప్పు మీద వడ్డీ ఆగదు, కళాసీల కుటుంబాలకు పూట గడవడం ఆగదు.

మన తీరంలో బోట్లకు అశోక్ లేలాండ్ వంటి దేశీయ ఇంజిన్లు చాలాకాలంగా అలవాటు. వాటితో పాటు జపాన్, అమెరికా, ఐరోపా, చైనా ఇంజిన్లూ భారత తీరానికి వస్తున్నాయి. కొత్తవి వస్తున్నాయి, వాడినవీ వస్తున్నాయి. కొనేవారు ముందు అడిగేవి రెండే: ఎన్ని హార్స్ పవర్? ధర ఎంత? ఇంజిన్ నాణ్యత గురించి ఈ రెండు ప్రశ్నలూ చెప్పేది చాలా తక్కువ. బోటు ఇంజిన్ ఒక్కరోజు సరుకు కాదు, పదిహేను ఇరవై ఏళ్ల సంసారం. ఆ కాలమంతా మన రేవులో, మన మెకానిక్ చేతిలో, మనకు దొరికే భాగాలతో అది నడవగలదా అన్నదే నాణ్యతకు అసలైన కొలత. ఆ కొలత వెనుక కొంత భౌతికశాస్త్రం ఉంది, కొంత లోహశాస్త్రం ఉంది, కొంత కాగితాల పనీ ఉంది.

ఆ హార్స్ పవర్ ఎన్ని గంటలకు?

లారీ ఇంజిన్ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు తన సత్తువంతా పెడుతుంది. తర్వాత చదును వస్తుంది, దిగుడు వస్తుంది, డ్రైవరు కాలు తీయగానే భారం తగ్గుతుంది. వల లాగే బోటుకు దిగుడు లేదు. గంటల తరబడి ఎక్కుడే.

నీటిలో తిరిగే ప్రొపెల్లర్‌కు ఒక నియమం ఉంది. అది తీసుకునే శక్తి దాని వేగపు ఘనానికి అనుగుణంగా మారుతుంది. పూర్తి వేగంలో 80 శాతం దగ్గర నడిపితే పూర్తి శక్తిలో 51 శాతం సరిపోతుంది. 90 శాతం దగ్గర 73 శాతం కావాలి. అంటే చివరి పది శాతం వేగం కోసం ఇంజిన్ తన శక్తిలో పావు వంతు పైగా ధారపోస్తుంది. థ్రాటిల్‌ను కాస్త వెనక్కి తీసి నడిపే సరంగు డీజిల్‌ను, ఇంజిన్ ఆయుష్షును రెండింటినీ కాపాడుతున్నాడు. వల వేశాక లెక్క ఇంకా కఠినమవుతుంది. బోటు నెమ్మదిగా సాగుతున్నా ప్రొపెల్లర్ మీద బరువు తగ్గదు.

అందుకే పేరున్న తయారీదారులు ఒకే ఇంజిన్‌ను వేర్వేరు శక్తులకు సరిచేసి అమ్ముతారు. కాటర్‌పిల్లర్ ‘ఎ’ నుంచి ‘ఇ’ దాకా ఐదు తరగతులు పెట్టింది. ‘ఎ’ తరగతి ఇంజిన్‌ను రాత్రింబవళ్లు పూర్తి శక్తితో నడపవచ్చు. ‘ఇ’ తరగతి ఇంజిన్‌ను ఆరు గంటల్లో అరగంట మాత్రమే అలా నడపాలి. అది విహార నౌకలకు, వేగంగా దూసుకుపోయే చిన్న పడవలకు ఉద్దేశించినది. బ్లాకు ఒకటే కావచ్చు, క్రాంక్‌షాఫ్టు ఒకటే కావచ్చు, కానీ ‘ఇ’లో హార్స్ పవర్ అంకె చాలా పెద్దది. పంపే ఇంధనం, టర్బో గాలి పెంచి ఆ అంకె సాధిస్తారు. అంత వేడిని, అంత ఒత్తిడిని పిస్టన్లు కొద్దిసేపే భరించాలన్నది వారి లెక్క. ఆ ఇంజిన్‌ను వల లాగే బోటుకు బిగిస్తే హెడ్డు పగలడం, పిస్టన్ పట్టేయడం ఎంతో దూరంలో ఉండవు. కొనేటప్పుడు ‘ఎన్ని హార్స్ పవర్’ అని అడిగి ఊరుకోకుండా ‘ఎన్ని గంటలు నిరంతరంగా’ అని కూడా అడగాలి. జవాబు కంపెనీ పత్రంలో అచ్చులో ఉండాలి.

అంకెల్లో ఇంకో మెలిక కూడా ఉంది. జపాన్, ఐరోపా పత్రాల్లో కనిపించే ‘పీఎస్’ మెట్రిక్ హార్స్ పవర్. 100 కిలోవాట్లంటే 136 పీఎస్, మన హార్స్ పవర్‌లో 134. రెండు ఇంజిన్లను పోల్చేటప్పుడు అన్నిటినీ కిలోవాట్లలోకి మార్చుకుంటే గందరగోళం ఉండదు.

ఆ కిలోవాట్లను ఏ వాతావరణంలో కొలిచారన్నదీ ముఖ్యమే. ఐఎస్ఓ 3046 ప్రమాణం ప్రకారం శక్తిని ప్రకటించేది 25 డిగ్రీల గాలిలో. ఓడల వర్గీకరణ సంస్థలు మాత్రం ఎక్కడికైనా వెళ్లే నౌకకు ఇంజిన్ గది 45 డిగ్రీలు, సముద్రపు నీరు 32 డిగ్రీలు ఉంటాయని లెక్క వేస్తాయి. బంగాళాఖాతంలో వేసవిలో పైనీరు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి మనకు సరిపోయేది ఆ రెండో లెక్కే. గాలి 25 నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 6 శాతం పలచబడుతుంది. గాలి తగ్గితే ఇంధనం సరిగ్గా మండదు, పొగ పెరుగుతుంది, ఎగ్జాస్టు వేడెక్కుతుంది. చల్లని దేశపు సముద్రంలో నిక్షేపంగా నడిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ మన మే నెలలో చాలకపోవచ్చు.

లోపలి ఇంజిన్ ఎవరిది?

చాలా బోటు ఇంజిన్లు సముద్రం కోసమే పుట్టినవి కావు. లారీ, ట్రాక్టరు, జనరేటరు కోసం లక్షల్లో తయారయ్యే ఇంజిన్‌ను తీసుకుని సముద్రానికి తగ్గట్టు మారుస్తారు. రేడియేటరు స్థానంలో హీట్ ఎక్స్‌ఛేంజర్ పెడతారు. లోపల మంచినీటి కూలెంటు తిరుగుతుంది, దాన్ని ఉప్పునీరు చల్లబరుస్తుంది. ఉప్పునీటిని తోడడానికి రబ్బరు ఇంపెల్లర్ ఉన్న పంపు, ఉప్పుకు తట్టుకునే రాగి-నికెల్ గొట్టాలు, ఖరీదైన లోహాలకు బదులు తాను కరిగిపోయే జింకు కడ్డీలు, నీటితో చల్లబడే ఎగ్జాస్టు మానిఫోల్డు చేరుతాయి. ఆపైన కంపెనీ తన రంగు వేసి, తన పేరు అంటిస్తుంది.

బ్రిటన్‌కు చెందిన బీటా మెరైన్ ఇంజిన్ల లోపల ఉండేది జపాన్ కుబోటా. నెదర్లాండ్స్‌కు చెందిన వెటస్, స్పెయిన్‌కు చెందిన సోలే చాలా మోడళ్లలో మిత్సుబిషి ఇంజిన్లు వాడాయి. అందుచేత విడిభాగాలు రెండు కుటుంబాలుగా విడిపోతాయి. పిస్టన్, రింగులు, లైనర్, బేరింగులు, హెడ్ గాస్కెట్, వాల్వులు అసలు ఇంజిన్ కుటుంబం. ఇవి ట్రాక్టరు లేదా లారీ డీలరు దగ్గర, చాలాసార్లు తక్కువ ధరకే, దొరుకుతాయి. హీట్ ఎక్స్‌ఛేంజర్, ఉప్పునీటి పంపు, మానిఫోల్డు, ఎగ్జాస్టు మోచేయి రెండో కుటుంబం. ఇవి మార్పులు చేసిన కంపెనీ దగ్గరే ఉంటాయి. పైగా ఉప్పు ముందుగా తినేది వీటినే. లోపలి ఇంజిన్ ఎంత గట్టిదైనా మోచేయి దొరక్క బోటు నిలిచిపోవచ్చు.

చైనా ఇంజిన్ల విషయంలోనూ ఈ వంశవృక్షం చూడటం మేలు. చైనా అంటే నాసి, జపాన్ అంటే నాణ్యం అని గీత గీసేస్తే కొనుగోలుదారుకు ఏ సాయమూ అందదు. వైచాయ్ కంపెనీకి పేరు తెచ్చిన డబ్ల్యూడీ615 ఇంజిన్ ఆస్ట్రియా స్టయర్ సంస్థ నుంచి 1980లలో చైనా తీసుకున్న సాంకేతికత మీద వచ్చింది. చైనా భారీ లారీల్లో విస్తారంగా వాడిన ఇంజిన్ కాబట్టి దాని భాగాలు తయారుచేసేవారు చాలామంది. అదే కంపెనీ 2009లో ఫ్రాన్స్‌కు చెందిన పాత నౌకా ఇంజిన్ల సంస్థ బోదువాఁను కొన్నది. ఇంకోవైపు, ఎక్కడో చిన్న కర్మాగారంలో బిగించి ఎవరికీ తెలియని పేరుతో అమ్మే ఇంజిన్లూ ఉంటాయి. దేశం ఒకటే, పూర్వాపరాలు వేరు. లోపలి బ్లాకు ఎవరి నమూనా, అది లారీల్లో ఎంతగా వాడుకలో ఉంది అన్నది అడిగితే సగం సంగతి తేలుతుంది.

భాగాల సరఫరాను దృష్టిలో పెట్టుకుని గీసిన ఇంజిన్ ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1938లో అమెరికా జనరల్ మోటార్స్ ‘71’ శ్రేణి డీజిల్ ఇంజిన్లు తెచ్చింది. ఒక్కో సిలిండర్ పరిమాణం 71 ఘనపు అంగుళాలు. సిలిండర్లు రెండైనా ఆరైనా పిస్టన్లు, లైనర్లు, ఇంజెక్టర్ల వంటి ముఖ్య భాగాలు ఒకదానివి ఒకదానికి సరిపోయేలా రూపొందించారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను ఒడ్డుకు చేర్చిన చిన్న పడవల్లో, ట్యాంకుల్లో, తర్వాత బస్సుల్లో, చేపల బోట్లలో అవే నడిచాయి. ఇంగ్లండులోని గార్డ్‌నర్ కంపెనీ 1990లలో కొత్త ఇంజిన్లు చేయడం మానేసినా పాత గార్డ్‌నర్లు ఇప్పటికీ పడవల్లో నడుస్తున్నాయి. విప్పి, కొలిచి, మార్చి, మళ్లీ బిగించడానికి వీలుగా ఉండటమూ, భాగాలు చేసేవారు మిగిలి ఉండటమూ వాటి దీర్ఘాయువుకు కారణాలు.

నేమ్ ప్లేటు, కాగితాలు

దిగుమతి ఇంజిన్‌కు నేమ్ ప్లేటే జాతకం. మోడల్, సీరియల్ నంబరు, శక్తి, ఆర్‌పీఎం అందులో ఉంటాయి. కమిన్స్ ప్లేటు మీద సీరియల్ నంబరుతో పాటు ‘సీపీఎల్’ అనే ఇంకో అంకె ఉంటుంది. ఆ ఇంజిన్‌లో ఏ పిస్టన్, ఏ టర్బో, ఏ ఇంజెక్టర్ వేశారో ఆ అంకె చెబుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు ఇంజిన్ల సీపీఎల్ వేరైతే ఒకదాని నాజిల్ రెండోదానికి పనికిరాకపోవచ్చు. ప్లేటు ఊడదీసిన ఇంజిన్, ప్లేటు మీది నంబరు బ్లాకు మీద చెక్కిన నంబరుతో కలవని ఇంజిన్ ఎంత చవకైనా వద్దనుకోవాలి. సీరియల్ నంబరు చేతికి రాగానే ఆ కంపెనీ అధీకృత డీలరుకు పంపి, అది ఏ సంవత్సరం తయారీ, ఏ పనికి అమ్మారు, ఏ ప్రాంతానికి అమ్మారు అని అడగవచ్చు. వేరే ప్రాంతానికి ఉద్దేశించిన ఇంజిన్‌కు ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు.

అంతర్జాతీయ నౌకల్లో 130 కిలోవాట్లు దాటిన డీజిల్ ఇంజిన్లకు కాలుష్య నియంత్రణ ఒప్పందం మార్పోల్ ప్రకారం ‘ఈఐఏపీపీ’ అనే ధ్రువపత్రం ఉంటుంది. 2000లో మొదటి అంచె పరిమితులు, 2011లో రెండో అంచె వచ్చాయి. ఈ పత్రంతో పాటు ఒక సాంకేతిక దస్త్రం వస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల మీద ప్రభావం చూపే భాగాలు, వాటి గుర్తింపు నంబర్లు అందులో నమోదై ఉంటాయి. మన చేపల బోటుకు ఆ పత్రం అవసరం పడినా పడకపోయినా, అది ఉన్న ఇంజిన్‌కు అసలు భాగాలేవో తేల్చుకోవడం సులువు. ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ వంటి వర్గీకరణ సంస్థ ఆమోదం ఉంటే ఆ నమూనాను బయటివారు పరీక్షించారన్న భరోసా కూడా వస్తుంది. రాష్ట్రాల నిబంధనలనూ ముందే చూసుకోవాలి. తమిళనాడు 2020 నియమాలు మరపడవల ఇంజిన్‌కు 240 హార్స్ పవర్ హద్దు పెట్టాయి.

చేత్తో, కంటితో, పరికరంతో

వాడిన ఇంజిన్ కొనేటప్పుడు ముందు చేయి వేసి చూడాలి. అమ్మేవారు ముందుగానే వేడిచేసి ఉంచితే చల్లని స్టార్టింగ్‌లో బయటపడే లోపాలు దాగిపోతాయి. చల్లగా ఉన్న ఇంజిన్ వెంటనే అందుకుందా, పొగ ఏ రంగు అన్నది గమనించాలి. స్టార్ట్ చేసిన కాసేపటికి తగ్గిపోయే తెల్లపొగ మండని ఇంధనం. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ కంప్రెషన్ లోపమో, సిలిండర్లోకి నీరు దిగడమో చెబుతుంది. నీలిపొగ అంటే ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వ్ గైడులో అరిగాయి. బరువు మీద నల్లపొగ అంటే గాలి చాలడం లేదు, లేదా ఇంధనం ఎక్కువైంది. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు ఆవిరి గట్టిగా తన్నుతుంటే మండిన వాయువు రింగులను దాటి కిందికి దిగుతోందని అర్థం.

ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపితే కంటికి కనబడనివి కూడా తెలుస్తాయి. ఇనుము పెరిగితే లైనర్ల అరుగుదల, సీసం, రాగి పెరిగితే బేరింగులు, సిలికాన్ ఉంటే దుమ్ము, సోడియం ఉంటే ఉప్పునీరో కూలెంటో లోపలికి చేరుతోందని అనుమానించాలి. ఒక్క నివేదికతో తీర్పు చెప్పలేం. ప్రతి ఆయిల్ మార్పుకూ పరీక్షిస్తూ పోతే వచ్చే వరుస అంకెలే ఇంజిన్ ఆరోగ్య చరిత్ర.

గుజరాత్ తీరంలోని అలాంగ్‌లో 1983 నుంచి ఓడలు విప్పుతున్నారు. ఆ ఓడల నుంచి దిగిన ఇంజిన్లు, జనరేటర్లు, వాటి భాగాలు దేశమంతటా చేరుతాయి. వాటిలో మంచివి ఉన్నాయి, అలసిపోయినవీ ఉన్నాయి. ‘రీకండిషన్’ అన్న మాటకు అంగీకరించిన అర్థం ఏదీ లేదు కాబట్టి కొలతలు అడగాలి. క్రాంక్‌షాఫ్టును సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల చొప్పున అండర్‌సైజ్ గ్రైండ్ చేస్తారు. ఇప్పటికే 0.75 దాకా వెళ్లిన క్రాంకుకు మిగిలిన అవకాశాలు తక్కువ. ఆ సైజు బేరింగులు బజారులో ఉన్నాయో లేదో కూడా తేల్చుకోవాలి.

కొత్తదైనా పాతదైనా చివరి పరీక్ష నీటి మీదే. బోటుకు బిగించాక పూర్తి థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ నేమ్ ప్లేటు మీది ఆర్‌పీఎం అందుకోవాలి. 1,800 రావలసినచోట 1,600 దగ్గరే ఆగిపోయి నల్లపొగ వస్తుంటే ముందు ప్రొపెల్లర్‌ను అనుమానించాలి. పెద్ద ప్రొపెల్లర్, ఎక్కువ పిచ్ ఇంజిన్‌ను రోజూ అధిక భారంలో ఉంచుతాయి. కొన్నాళ్లకు హెడ్డు పగిలితే నింద కంపెనీ మీద పడుతుంది. నాణ్యమైన ఇంజిన్ కూడా తప్పుడు ప్రొపెల్లర్‌తో చెడిపోతుంది.

భాగాల పరీక్ష

బయానా ఇచ్చే ముందు పది భాగాల జాబితా రాసి, సీరియల్ నంబరుతో సహా డీలరుకు ఇవ్వాలి. ధర ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది, నిల్వ ఎక్కడ ఉంది అని రాతపూర్వకంగా అడగాలి. జాబితా మూడు రకాలుగా ఉంటే మంచిది. ఒకటి, ఎప్పుడూ మార్చేవి: ఫిల్టర్లు, ఇంపెల్లర్, బెల్టు, జింకులు. ఇవి మన ఊళ్లోనే దొరకాలి. రెండు, ఓవర్‌హాల్‌కు కావలసినవి: నాజిళ్లు, రింగులు, లైనర్లు, బేరింగులు, పూర్తి గాస్కెట్ సెట్టు. ఇవి దేశంలో నిల్వ ఉండాలి. మూడు, అనుకోకుండా పోయేవి: హెడ్డు, టర్బో, హీట్ ఎక్స్‌ఛేంజర్, క్రాంక్. ఇవి విదేశం నుంచి రావలసి వచ్చినా ఎన్నాళ్లో తెలియాలి. జవాబు తడబడితే ఇంజిన్ అమ్మేవాడికి భాగాలు అమ్మే ఉద్దేశం లేదని గ్రహించాలి.

ఇంజిన్ మీద ఉన్న సహాయక భాగాలు ఎవరివో చూడటం ఇంకో మంచి పద్ధతి. ఇంధన పంపు బాష్‌దా డెన్సోదా? టర్బో హోల్‌సెట్టా గారెట్టా? గేరుబాక్సు జెడ్ఎఫ్‌దా చైనా అడ్వాన్స్‌దా? ఇలాంటివైతే ఇంజిన్ కంపెనీతో పనిలేకుండానే బాగుచేసేవారు, భాగాలు అమ్మేవారు దొరుకుతారు. ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాల మేలు అదే. 6205 అని రాసి ఉన్న బాల్ బేరింగును ఏ దేశపు ఏ కంపెనీ చేసినా లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, మందం 15. అలాంటి ప్రామాణిక భాగాలు ఎక్కువగా ఉన్న ఇంజిన్ యజమానికి స్వేచ్ఛ ఇస్తుంది. తన కొలతలకే ప్రత్యేకంగా చేయించిన బేరింగులు, సీళ్లు ఉన్న ఇంజిన్ ఒక్క దుకాణానికి కట్టిపడేస్తుంది.

కామన్ రైల్ ఇంజిన్ల విషయంలో ఇంకాస్త ఆలోచన కావాలి. పాత మెకానికల్ ఇంజెక్టర్ సాధారణంగా 200 బార్లకు కాస్త అటూ ఇటూగా తెరుచుకుంటుంది. కామన్ రైల్‌లో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్లు, అంతకు మించి కూడా ఉంటుంది. డీజిల్ సన్నగా తుంపరై బాగా మండుతుంది, పొగ, ఖర్చు తగ్గుతాయి. కానీ ఆ ఇంజెక్టర్ లోపలి సందులు కొన్ని మైక్రాన్లే. డీజిల్‌లో చేరిన నీటిచుక్క, తుప్పు రేణువు చాలు పాడు చేయడానికి. లోపం కనిపెట్టాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు కావాలి. ఆ కంప్యూటరు, దాన్ని వాడగల మనిషి దగ్గరలో ఉంటే అది మంచి ఎంపిక. లేకపోతే పాత పద్ధతి పంపు ఉన్న ఇంజినే నడిసముద్రంలో నమ్మదగినది.

చివరగా నకిలీలు. నాజిల్ మీద చెక్కిన కోడ్ అక్షరం అక్షరం పాతదానితో కలవాలి. బాష్ తరహా కోడ్‌లో అక్షరాల తర్వాత వచ్చే అంకె తుంపర కోణాన్ని చెబుతుంది. కోణం మారితే ఇంధనం పిస్టన్ గిన్నెలో పడకుండా లైనర్ గోడకు కొట్టి ఆయిల్‌ను కడిగేస్తుంది. వెయ్యి రూపాయలు మిగిలాయనుకున్న చోట లైనర్ పోతుంది.

రేవు మొత్తం కలిసి చేయగలిగింది

ఇవన్నీ ఒక్కో యజమాని విడిగా చేసుకోవడం కష్టం. ఒక హార్బర్‌లోని బోటు యజమానుల సంఘం రెండు మూడు రకాల ఇంజిన్లకే పరిమితం కావాలని నిర్ణయించుకుంటే డీలరు నిల్వ పెట్టక తప్పదు. ఒక హెడ్డు, ఒక టర్బో, ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉమ్మడిగా కొని ఉంచుకోవచ్చు. ఏ ఇంజిన్‌లో ఏ భాగం ఎన్ని గంటలకు పోయింది, రావడానికి ఎన్ని రోజులు పట్టింది అని ఒక పుస్తకంలో రాసి పెడితే అయిదేళ్లలో అది ఏ కరపత్రమూ చెప్పలేని నిజం చెబుతుంది. మెరైన్ ఫిట్టర్లకు, ఇంజిన్ డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నంలోనే శాఖ ఉంది. కొత్త తరం ఇంజిన్ల మీద పనిచేయగల కుర్రాళ్లను అక్కడ తయారుచేయించుకోవడం మన చేతిలో పని.

డీజిల్ ఇంజిన్ మనిషి చేసిన గొప్ప యంత్రాల్లో ఒకటి. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ పరీక్షించిన ఇంజిన్ ఇంధనపు శక్తిలో నాలుగోవంతు పైగా పనిగా మార్చి చూపింది. అప్పటి ఆవిరి యంత్రాలు అందుకోలేని ఘనత అది. అలాంటి యంత్రం మన తీరంలో చిన్న భాగం కరువై తుప్పు పట్టడం అన్యాయం. దాని మీద బతికే కుటుంబాలకు అది ఇంకా పెద్ద అన్యాయం. అందుకే ఈసారి ఇంజిన్ బేరానికి వెళ్లినప్పుడు ముందు భాగాల జాబితా బల్ల మీద పెట్టండి. దానికి సరైన జవాబు వచ్చాకే ధర మాట్లాడండి.